శ్వాస పర్యవేక్షణ, ఆప్నియా గుర్తింపు: సూదీ గొట్టమూ లేని పద్ధతులు

ఒంట్లోకి సూదిగానీ గొట్టంగానీ పంపకుండా మనిషి ఊపిరి తీరును కనిపెట్టి, అది ఆగినప్పుడు హెచ్చరించే పద్ధతులు ఈ శీర్షిక కిందికి వస్తాయి. పొట్ట నిమిషానికి ఎన్నిసార్లు లేచి పడుతోందో గడియారం చూసుకుంటూ లెక్కపెట్టడం వీటిలో అన్నిటికన్నా పాతది. గది మూలన ఉండి రేడియో తరంగాలతో ఛాతీ కదలికను పట్టే రాడార్ కొత్తవాటిలో ఒకటి. ఊపిరి కాసేపు ఆగిపోవడాన్ని వైద్యులు ఆప్నియా అంటారు. పెద్దవాళ్లలో 10 సెకన్లు, నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో 20 సెకన్లు గాలి ఆడకపోతే అది ఆప్నియా. శిశువు గుండె వేగం పడిపోయినా, ఆక్సిజన్ తగ్గినా అంతకన్నా తక్కువసేపు ఆగినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

ఈ విషయం మీద వచ్చే రాతల్లో ఎక్కువ భాగం పెద్ద నగరాల నిద్ర ప్రయోగశాలల గురించే ఉంటాయి. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి చూస్తే బొమ్మ మారిపోతుంది. పత్తి, బట్టలు, బంగారం వ్యాపారాలతో పేరుపడిన ప్రొద్దుటూరు, సిమెంటు ఫ్యాక్టరీలూ బండల గనులూ చుట్టూ ఉన్న జమ్మలమడుగు, చీనీ, అరటి తోటల పులివెందుల: ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల ఊపిరి ఆగడానికి గురక ఒక్కటే కారణం కాదు. కట్లపాము కాటుంది, పురుగుమందు ఉంది, నెలలు నిండని కాన్పు ఉంది. కడపలోని రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రికి చేరాలంటే ప్రొద్దుటూరు నుంచి సుమారు 50 కిలోమీటర్లు, మిగతా రెండు ఊళ్ల నుంచి 70 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేయాలి. ఇక్కడ శ్వాసను కనిపెట్టడమంటే చాలాసార్లు ఆ దారిలో రోగిని కనిపెట్టుకుని ఉండడమే.

ఏది కొలుస్తున్నామో తెలియాలి

ఊపిరి ఆగడంలో ప్రధానంగా రెండు రకాలు. మెదడు నుంచి ఆజ్ఞ రాకగానీ, ఆజ్ఞ వచ్చినా కండరాలు పనిచేయకగానీ ఛాతీ కదలకుండా ఉండిపోవడం ఒకటి. ఆజ్ఞ వచ్చి, ఛాతీ ఎగసిపడుతున్నా గొంతు దగ్గర దారి మూసుకుపోయి గాలి లోపలికి పోకపోవడం రెండోది. మెదడు ఆజ్ఞ లోపిస్తే కేంద్రీయ ఆప్నియా అనీ, దారి మూసుకుపోతే అవరోధక ఆప్నియా అనీ పేర్లు. రెండూ కలిసి వచ్చేవీ ఉన్నాయి. గుండె నీరసించినవారిలో ఊపిరి క్రమంగా పెరిగి, తగ్గి, ఆగి, మళ్లీ మొదలయ్యే తీరును జాన్ చెయిన్ 1818లో, విలియం స్టోక్స్ 1854లో వర్ణించారు. దానికి ఇప్పటికీ వారి పేర్లే ఉన్నాయి.

ఈ తేడాను వైద్యులు మాత్రమే తెలుసుకుంటే చాలదు. ఎంత ఖరీదైన పరికరమైనా సాధారణంగా నాలుగింటిలో ఒకటో రెండో మాత్రమే కొలుస్తుంది: ఛాతీ, పొట్టల కదలిక, ముక్కు, నోటి దగ్గర గాలి, బయటికి వదిలే గాలిలో కార్బన్ డై ఆక్సైడ్, రక్తంలో ఆక్సిజన్. కదలికను మాత్రమే కొలిచే పరికరానికి గొంతు మూసుకుపోయిన మనిషి ఛాతీ ఎగరేస్తుంటే చక్కగా ఊపిరి తీస్తున్నట్టే కనిపిస్తుంది. ఆక్సిజన్‌ను మాత్రమే కొలిచేదానికి ఊపిరి ఆగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో చాలావరకు ఒకదాన్ని కొలిచి ఇంకోదాన్ని కొలిచామనుకోవడం వల్ల వచ్చేవే.

చేత్తో లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల న్యుమోనియాను గుర్తించడానికి పెట్టిన కొలమానాన్ని అంకెలతో చెప్పింది. రెండు నెలలు నిండని పసికందుకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అది వేగంగా ఉన్నట్టు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కించాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం పసిపిల్లల విషయంలో పనికిరాదు. వాళ్ల ఊపిరి సహజంగానే కాసేపు వేగంగా, కాసేపు నిదానంగా సాగుతుంది. బిడ్డ డొక్కలు ఎగరేస్తోందని పెద్దవాళ్లు చెప్పే మాట వైద్య పుస్తకాల్లో ఛాతీ లోపలికి గుంజుకోవడం అని రాసిన లక్షణమే. అది కనిపిస్తే లెక్క కోసం ఆగనక్కర్లేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన సాన్స్ కార్యక్రమం ఈ గుర్తులను ఆశా కార్యకర్తలకు నేర్పి, కింది స్థాయి ఆరోగ్య కేంద్రాల్లో పల్స్ ఆక్సీమీటరు వాడకాన్ని ముందుకు తెచ్చింది.

పాముకాటు, పురుగుమందు

రాయలసీమ పల్లెల్లో శ్వాస పర్యవేక్షణ అవసరం అన్నిటికన్నా ఎక్కువగా పడేది ఇక్కడే అని ఈ వ్యాసకర్త నమ్మకం. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

రక్తపింజరి విషం రక్తాన్ని, కిడ్నీలను దెబ్బతీస్తుంది. నాగుపాము, కట్లపాము విషాలు నరాల నుంచి కండరాలకు పోయే సంకేతాన్ని తెంచుతాయి. కట్లపాముతో పెద్ద చిక్కేమిటంటే అది రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, కొన్నిసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, మింగడం కష్టమవుతుంది, ఆ తర్వాత ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. విషం నరం చివరనే పాడుచేస్తుంది కాబట్టి విరుగుడు సూది ఇచ్చినా పక్షవాతం వెంటనే తగ్గదు. రోగి బతికేది ఊపిరిని చేత్తో నొక్కే ఆంబూ బ్యాగుతోనో వెంటిలేటరుతోనో అందించినప్పుడే. అలా అందించగలిగితే రోగి పూర్తిగా కోలుకోవచ్చు.

ఇలాంటి రోగిని కనిపెట్టడానికి వైద్యులు వాడే అతి చౌకైన పరీక్ష ఒకటుంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అంటూ పైకి లెక్కపెట్టమంటారు. చెడుగుడులో కూత పెట్టి ఎదుటి జట్టులోకి పోయినట్టే ఇదీ: ఒక్క దమ్ములో ఎంతదూరం వస్తుందన్నదే ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు సెకనుకు రెండు అంకెల చొప్పున 50 దగ్గరిదాకా పోగలరు. 20 దాటలేకపోతే ఊపిరి కండరాలు బాగా నీరసించినట్టు లెక్క. అరగంట అరగంటకీ అడిగి కాగితం మీద రాసిపెడితే, సంఖ్య 40 నుంచి 30కి, 30 నుంచి 18కి దిగుతున్న తీరు వేలికి తగిలించిన పరికరం కన్నా ముందే ప్రమాదాన్ని చెబుతుంది. ఆక్సిజన్ అంకె 97 ఉందని అంతా నిశ్చింతగా ఉన్న సమయంలోనే ఈ సంఖ్య పడిపోతుంటుంది.

పురుగుమందు కథ వేరు. ఆర్గనోఫాస్ఫేట్ మందులు ఒంట్లోకి పోతే మొదట నోట్లో నురగ, చెమట, కంటిపాపలు చిన్నవవడం, ఊపిరితిత్తుల్లో ద్రవాలు చేరడం కనిపిస్తాయి. అట్రోపిన్‌తో ఇవి అదుపులోకి వస్తాయి. గండం గడిచిందని బంధువులు అనుకునే సమయంలో, అంటే విషం తీసుకున్న 24 నుంచి 96 గంటల మధ్య, రెండో దెబ్బ తగలవచ్చు. ఊపిరి కండరాలు, మెడ కండరాలు, భుజం, తొడల దగ్గరి కండరాలు నీరసించిపోతాయి. శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లీద్దే 1987లో దీన్ని ప్రత్యేక స్థితిగా వర్ణించారు. దిండు మీద నుంచి తల ఎత్తమంటే ఎత్తలేకపోవడం దీని తొలి గుర్తుల్లో ఒకటి. అందుకే తేరుకున్నట్టు కనిపించే రోగిని తొందరపడి ఇంటికి తీసుకుపోకూడదు. మూడో రోజు రాత్రి ఊపిరి ఆగడమన్నది ఈ విషం విషయంలో ఊహించి సిద్ధంగా ఉండదగిన సంగతి.

పత్తి పురుగుల మీద కొట్టే ఇండాక్సాకార్బ్ అనే మరో మందు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చిన కేసులు భారతీయ వైద్య పత్రికల్లో వచ్చాయి. అలాంటప్పుడు రోగి పెదాలు నీలంగా మారతాయి, ఎంత ఆక్సిజన్ పెట్టినా ఆక్సీమీటరు 85 దగ్గరే మొరాయిస్తుంది. ప్రొద్దుటూరు చుట్టూ పత్తి పొలాల్లో పనిచేసేవారిని చూసే వైద్యుడికి ఈ అంకె చాలా చెబుతుంది.

ఇక ఇలాంటి రోగులు చేరే ఆసుపత్రుల సంగతి. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడు క్యాంప్‌బెల్ పేరు మీద వెలసిన మిషన్ ఆసుపత్రి ఈ మూడు ఊళ్లలో ఆధునిక వైద్యానికి పాత చిరునామా. వై.ఎస్. రాజశేఖరరెడ్డి రాజకీయాల్లోకి రాకముందు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరుతో ఆసుపత్రి కట్టించారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సేవ పాముకాటు, పురుగుమందు రోగులకు తెచ్చిన మార్పు ఏ యంత్రమూ తేలేదు. దారి పొడవునా ఊపిరిని చూస్తూ, అవసరమైతే బ్యాగు నొక్కే మనిషి పక్కన ఉండడం అక్కడినుంచి మామూలైంది. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. పులివెందులలో కొత్తగా కట్టిన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి 2024 మార్చిలో ప్రారంభమైంది.

పల్స్ ఆక్సీమీటరు

జపాన్‌లో నిహోన్ కోడెన్ సంస్థ ఇంజనీరు టకువో అయోయాగి గుండె పంపే రక్తాన్ని చెవి దగ్గర కాంతితో కొలిచే ప్రయత్నంలో ఉండగా, నాడి కొట్టుకోవడం వల్ల గీత వణికి కొలత చెడిపోయేది. ఆ వణుకును వదిలించుకోబోయి, దానిలోనే ఆక్సిజన్ సమాచారం ఉందని గ్రహించాడు. ఆయన 1974లో ప్రకటించిన సూత్రమే ఇప్పటి క్లిప్పుల్లోనూ ఉంది. 660 నానోమీటర్ల దగ్గరి ఎర్ర కాంతి, 940 దగ్గరి పరారుణ కాంతి వేలిలోంచి పోతాయి. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం వాటిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. నాడితోపాటు మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చర్మం, ఎముక అడ్డురావు. కోవిడ్ కాలంలో ఈ క్లిప్పు మందుల షాపుల మీదుగా మామూలు ఇళ్లకు చేరింది. 2021 జూలైలో కేంద్రం దీని వ్యాపార లాభంపై 70 శాతం పరిమితి పెట్టింది.

అది మంచి సాధనమే, అయితే అది ఊపిరిని చూడదు, ఊపిరి ఫలితాన్ని చూస్తుంది. ఊపిరితిత్తుల్లో నిల్వ ఉన్న ఆక్సిజన్ తరిగి, తరిగిన రక్తం వేలిదాకా వచ్చి, యంత్రం కొన్ని సెకన్ల సగటు తీసి అంకె చూపించేసరికి అరనిమిషమో అంతకన్నా ఎక్కువో గడిచిపోతుంది. పెద్దవాళ్లకు మాస్కుతో ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకా ఆలస్యం. ఊపిరి నెమ్మదిస్తున్నా అంకె 99 దగ్గరే కూర్చుంటుంది, లోపల కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుపోతుంటుంది. బొగ్గు పొయ్యి, జనరేటరు పొగ వల్ల కార్బన్ మోనాక్సైడ్ ఎక్కినవారిలో అంకె తప్పుగా బాగున్నట్టు కనిపిస్తుంది. గోళ్ల రంగు, చల్లబడిన వేళ్లు, వణుకు కూడా కొలతను చెడగొడతాయి. నల్లజాతీయుల్లో ఈ యంత్రం ఆక్సిజన్ లోటును తెల్లవారికన్నా ఎక్కువసార్లు పట్టుకోలేకపోతోందని అమెరికా పరిశోధకులు 2020లో చూపించారు. ముదురు రంగు చర్మం మన దగ్గర సర్వసాధారణం. 93, 94 లాంటి అంకెలను చూసి ఫరవాలేదనుకునే ముందు మనిషి ఆయాసాన్ని చూడడం అవసరం.

గాలిని, కదలికను పట్టే సాధనాలు

ఊపిరి ఆగిన సంగతిని అన్నిటికన్నా ముందు చెప్పేది కాప్నోగ్రాఫ్. కార్బన్ డై ఆక్సైడ్ 4.3 మైక్రాన్ల దగ్గరి పరారుణ కాంతిని బాగా పీల్చుకుంటుంది. ముక్కు దగ్గర సన్న గొట్టంతో గాలిని లాగి ఆ కాంతిలోంచి పంపితే ప్రతి ఊపిరికీ తెర మీద ఒక అల లేస్తుంది. ఊపిరి ఆగితే అల ఆగుతుంది. నిలకడగా ఉన్న మనిషిలో ఊపిరి చివరన ఈ వాయువు 35 నుంచి 45 మి.మీ. పాదరసం మధ్య ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లలో ఇది మత్తు వైద్యుడి కన్ను. జిల్లా ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో, పాముకాటు మంచాల పక్కన కూడా ఇది ఉండాల్సిన వస్తువు.

ముక్కు కింద పెట్టే థర్మిస్టరు వదిలే గాలి వెచ్చదనాన్ని పట్టుకుంటుంది. సన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కులోని ఒత్తిడి మార్పును పట్టుకుంటుంది. మొదటిది ఊపిరి పూర్తిగా ఆగడాన్ని, రెండోది పాక్షికంగా తగ్గడాన్ని బాగా చెబుతాయి. ఛాతీకి, పొట్టకు చెరొకటి కట్టే పట్టీల్లో వంకర తీగలు ఉంటాయి. శరీరం ఉబ్బినప్పుడు తీగ చుట్ట వైశాల్యం మారి విద్యుత్ గుణం మారుతుంది. ఛాతీ లోపలికి, పొట్ట పైకి ఎదురెదురుగా కదులుతుంటే గొంతులో అడ్డు ఉన్నట్టు అర్థం. ఆసుపత్రి మానిటర్లలో మామూలుగా కనిపించే శ్వాస సంఖ్య మాత్రం వేరే దారిలో వస్తుంది. ఈసీజీ కోసం అంటించిన బిళ్లల గుండానే మనిషికి తెలియనంత చిన్న, అధిక పౌనఃపున్య విద్యుత్తు పంపి, ఛాతీ నిండినప్పుడు పెరిగే నిరోధాన్ని కొలుస్తారు. ఇది చౌక, సౌకర్యం. అవరోధక ఆప్నియాను పట్టలేకపోవడం, గుండె కొట్టుకోవడాన్ని కూడా ఊపిరిగా లెక్కించడం దీని బలహీనతలు.

నెలలు నిండని పిల్లలు

మెదడులో ఊపిరి కేంద్రం ఇంకా పక్వానికి రాకపోవడం వల్ల 28, 30 వారాలకే పుట్టిన పిల్లల్లో ఊపిరి మాటిమాటికీ ఆగడం సాధారణం. వాళ్ల ఊపిరితిత్తుల్లో నిల్వ తక్కువ కాబట్టి ఆక్సిజన్ కొన్ని సెకన్లలోనే పడిపోతుంది. చికిత్సలో మొదటి మెట్టు అరికాలిని మెల్లగా తట్టడం, వీపు నిమరడం. బిడ్డ ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీస్తుంది. ఆ తర్వాత కాఫీలో ఉండే కెఫీన్‌నే మందుగా ఇస్తారు. 2006లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ పరీక్ష ఈ మందు ఊపిరితిత్తుల దీర్ఘకాలిక దెబ్బను తగ్గిస్తుందని తేల్చింది.

చిక్కంతా తట్టే చేతులు తక్కువ కావడంలోనే ఉంది. ప్రభుత్వ ప్రత్యేక నవజాత శిశు విభాగాల్లో ఒక్క నర్సు ఎందరో పిల్లలను చూడాల్సి వస్తుంది. ఈ లోటు చూసే బెంగళూరుకు చెందిన బెంపు సంస్థ ఆప్నిబూట్ అనే పరికరం చేసింది. బిడ్డ పాదానికి తొడిగితే అది ఊపిరి ఆగడాన్ని గుర్తించి తనే కంపించి బిడ్డను కదిలిస్తుంది. ఐఐటీ హైదరాబాద్ ఆరోగ్య వ్యవస్థాపకత కేంద్రంలో పెరిగిన నెమోకేర్ సంస్థ కూడా పాదానికి తొడిగే సాధనంతో నవజాత శిశువు ఉష్ణోగ్రత, గుండె, ఊపిరి వివరాలను నర్సు ముందున్న తెరకు చేరవేస్తుంది. తెలుగు నేల మీద ఈ రంగంలో జరిగిన పనుల్లో ఇది చెప్పుకోదగ్గది.

ఆసుపత్రిలో ఉపయోగపడేది ఇంట్లో కూడా ఉపయోగపడుతుందనుకోవడం పొరపాటు. నిద్రలో పసిపిల్లల అకాల మరణాలకు ఆప్నియాయే కారణమని అమెరికాలో 1972లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. దాని ఆధారంగా ఇంటి మానిటర్లు వేలకు వేలు అమ్ముడుపోయాయి. ఆ పత్రంలో ప్రధానంగా వర్ణించిన ఇద్దరు పిల్లలను తల్లే చంపిందని 1995లో కోర్టు తేల్చింది. ఇంటి మానిటర్లతో ఈ మరణాలను ఆపలేమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చాలాకాలంగా చెబుతోంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం, మెత్తటి దిండ్లు, దుప్పట్లు దగ్గర ఉంచకపోవడం వాటికన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

గురక, నిద్ర

1965లో ఫ్రాన్స్‌లో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కుహ్లో వేర్వేరుగా నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగుతోందని యంత్రాల మీద నమోదు చేశారు. 1976లో స్టాన్‌ఫోర్డ్‌లో గిల్మినో బృందం దానికి స్లీప్ ఆప్నియా సిండ్రోమ్ అన్న రూపం ఇచ్చింది. అప్పటికి ఉన్న గట్టి చికిత్స గొంతుకు రంధ్రం చేయడమే. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ ముక్కు మాస్కు గుండా ఎడతెగని గాలి ఒత్తిడి పంపి గొంతు మూసుకుపోకుండా ఆపాడు. ఇప్పటి సీప్యాప్ యంత్రం అక్కడ పుట్టింది.

మన దేశంలో పెద్దల్లో సుమారు 11 శాతం మందికి అవరోధక స్లీప్ ఆప్నియా ఉందని, పనిచేసే వయసులో ఉన్న దాదాపు 10 కోట్ల 40 లక్షల మందిని అది పట్టిందని ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో అంచనా కట్టారు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువారికి దగ్గరైన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు వైద్యులు ఈ జబ్బును కారణంగా చెప్పారు. అయినా గురక పెట్టేవాడు గాఢనిద్రలో ఉన్నాడనే నమ్మకం ఊళ్లలో గట్టిగానే ఉంది. గురక మధ్యలో నిశ్శబ్దం, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరవుతూ ఒక్కసారిగా ఊపిరి లాగడం, పొద్దున తలనొప్పి, పగలంతా కునుకు, అదుపులోకి రాని బీపీ: ఇవి కలిస్తే పరీక్ష చేయించాలి. సిమెంటు, బండల లోడుతో రాత్రిళ్లు నడిచే లారీల డ్రైవర్లకు ఇది ప్రాణాల సమస్య. ఈ జబ్బుకు చికిత్స తీసుకోని డ్రైవర్లకు ప్రమాదం జరిగే అవకాశం రెండు రెట్లకు పైగా ఉంటుందని పరిశోధనల సంకలనాలు చెబుతున్నాయి.

ఈ ప్రాంతానికి ఇంకో సంగతి వర్తిస్తుంది. పులివెందుల పరిసరాల్లో ఒకప్పుడు రాతినార తవ్వకాలు సాగాయి, 1986లో కేంద్రం కొత్త లీజులు ఆపేసింది. బండల పాలిష్ దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, బీడీ వల్ల ముందే ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి స్లీప్ ఆప్నియా తోడైతే రాత్రిపూట ఆక్సిజన్ మరీ లోతుగా పడిపోతుంది. ఎడిన్‌బరోకు చెందిన ఫ్లెన్లీ 1985లో ఈ జోడు జబ్బును వేరుగా గుర్తించాలన్నాడు.

నిర్ధారణకు ప్రామాణిక పరీక్ష పాలీసోమ్నోగ్రఫీ. మెదడు తరంగాలు, కంటి కదలికలు, గడ్డం కండరాలు, ముక్కు గాలి, ఛాతీ పొట్ట పట్టీలు, ఆక్సిజన్, ఈసీజీ అన్నీ ఒకే రాత్రి నమోదవుతాయి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అనే సంఖ్యతో తీవ్రత లెక్కిస్తారు: 5 నుంచి 15 లోపు స్వల్పం, 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. లక్షణాలు స్పష్టంగా ఉన్న పెద్దలకు మూడు నాలుగు సంకేతాలు మాత్రమే పట్టే ఇంటి పరీక్ష సరిపోతుంది. ఆ చిన్న పెట్టెను ఇంటికి తెచ్చుకుని కట్టుకుని పడుకోవడం నగరానికి పోయి కొత్త గదిలో నిద్ర రాక దొర్లడం కన్నా చాలామందికి నయం. మణికట్టు గడియారాలు కూడా ఈ రంగంలోకి దిగాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో శామ్‌సంగ్‌కు, సెప్టెంబరులో యాపిల్‌కు స్లీప్ ఆప్నియా సూచన ఇచ్చే అనుమతి ఇచ్చింది. అవి అనుమానం చెప్పగలవు, జబ్బును నిర్ధారించలేవు. గడియారం ఏమీ చెప్పలేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం మరీ తప్పు.

తాకకుండా పట్టేవి

గుండె కొట్టుకున్నప్పుడల్లా శరీరం అతి స్వల్పంగా అదురుతుంది. ఊపిరికి పరుపు మీద బరువు మారుతుంది. ఐజాక్ స్టార్ 1939లో ఈ అదురుకు శాస్త్రరూపం ఇచ్చాడు. బెంగళూరులో 2015లో మొదలైన డోజీ సంస్థ పరుపు కింద పరిచే పలుచని సెన్సారు పట్టతో ఇదే సూత్రాన్ని భారతీయ ఆసుపత్రుల వార్డులకు తెచ్చింది. రోగి ఒంటికి ఏదీ అంటించనక్కర్లేదు.

1975లో జేమ్స్ లిన్ సూక్ష్మ తరంగాలతో ఊపిరిని దూరం నుంచి కొలిచి చూపించాడు. పంపిన తరంగం ఛాతీకి తగిలి తిరిగొచ్చేటప్పుడు అందులో కలిగే చిన్న మార్పే ఊపిరి కొలత. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాజలక్ష్మి నందకుమార్, శ్యామ్ గొల్లకోట, నిద్ర వైద్యుడు నథానియల్ వాట్సన్ 2015లో ఇంకో అడుగు వేశారు. మామూలు స్మార్ట్‌ఫోను స్పీకరు నుంచి పెద్దల చెవికి దాదాపు అందని 18 నుంచి 20 కిలోహెర్ట్‌జ్ శబ్దాన్ని పంపి, ఛాతీ నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని ఫోను మైకుతోనే పట్టి, నిద్రలో ఊపిరి ఆగడాన్ని లెక్కించారు. కొత్త యంత్రం కొనకుండా జేబులో ఉన్నదానితోనే పని కానివ్వాలన్న ఆలోచన అందులో గొప్పది. పేద ఊళ్లకు పనికొచ్చే పరిశోధన అంటే ఇలాంటిదే. గూగుల్ 2021లో పడక పక్కన పెట్టే తెరలో చిన్న రాడార్ పెట్టింది. కెమెరాలు, వేడిని చూసే కెమెరాలు, గదిలోని వైఫై తరంగాలు కూడా ప్రయోగాల్లో ఉన్నాయి.

వీటిలో చాలావరకు ఒక గదిలో ఒక మనిషి పడుకుంటాడనే లెక్కతో తయారయ్యాయి. మన ఇళ్లలో ఒకే గదిలో నలుగురు పడుకుంటారు. ఎండాకాలం మిద్దె మీద వరసగా చాపలు పరుస్తారు. ఫ్యాను తిరుగుడు ఊపిరి కన్నా ఎన్నో రెట్లు వేగం కాబట్టి దాన్ని వడకట్టడం తేలికే. పక్క మనిషి ఊపిరిని వడకట్టడమే కష్టం. పైగా ఇవన్నీ ప్రధానంగా కదలికనే చూస్తాయి కనుక అవరోధక ఆప్నియా దగ్గర తడబడే గుణం వీటికీ ఉంది.

ఆ కష్టం మీద పనిచేయాల్సినవాళ్లు ఇక్కడే ఉన్నారు. పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, ప్రొద్దుటూరులో 2008 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల నడుస్తున్నాయి. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఈసీజీ గీతలో దాగిన ఊపిరి జాడతోనే ఆప్నియాను పట్టే పోటీ కోసం 2000లో విడుదలైన 70 రాత్రుల రికార్డులు ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ప్రాజెక్టు వెతుక్కునే ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి అంతకన్నా మంచి మొదలు లేదు. అయితే ఆ రికార్డులు జర్మనీ రోగులవి. ఒకే గదిలో నలుగురు పడుకునే ఇంట్లో, ఫ్యాను కింద, కరెంటు పోయి వచ్చే రాత్రిలో పనిచేసే సాధనం కావాలంటే ఇక్కడి ఆసుపత్రులు, కళాశాలలు కలిసి ఇక్కడి రాత్రులను నమోదు చేయాలి.

పరికరం వచ్చేలోగా పాఠకులు చేయగలిగినవి ఉన్నాయి. ఇంట్లో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారు ఉంటే ఆ కాసేపు ఫోనులో వీడియో తీసి వైద్యుడికి చూపించండి. బిడ్డ ఊపిరి వేగంగా ఉందనిపిస్తే పూర్తి నిమిషం లెక్కపెట్టండి. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషి రెప్పలు వాలుతుంటే గాటు కోసం వెతుకుతూ, మంత్రం కోసం తిరుగుతూ ఆలస్యం చేయకండి. 108కి ఫోను చేయండి, అది వచ్చేదాకా రోగి చేత ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పిస్తూ, ఎంతవరకు చెప్పగలిగారో రాసిపెట్టండి.